మూడు చోట్ల కుట్టిన సంచి

మా అమ్మాయిని యూనివర్సిటీలో చేర్చడానికి రాజమండ్రి నుంచి వెళ్లి, తనను హాస్టల్లో దింపి ఒక్కదాన్నే తిరిగి వస్తుంటే తార్నాకలో నా సంచి పట్టీ తెగింది. దేవుడి దయవల్ల ఎదురుగానే, ఆటో వెనక సీటు తీసేసి కుట్టుమిషన్ బిగించుకున్న ఒకావిడ కనబడింది. ఆవిడ మిషన్‌కు దండం పెట్టి కుట్టడం మొదలుపెట్టగానే కానిస్టేబుల్ వచ్చి బండి తీయమన్నాడు.

"ఫుట్‌పాత్ మీద కూసుంటే పాత మిషన్ గుంజుకపోయిన్రక్కా. అందుకే దీనికి చక్రాలు పెట్టిన. ఎక్కు, నా పక్కన కూసో" అంది.

క్యాంపస్ గేటు దగ్గర ఆపి, మళ్లీ దండం పెట్టి మొదలుపెట్టింది. అక్కడ వాచ్‌మన్ కసిరాడు.

"ఎన్నిసార్లన్న లేపు సార్. కుట్టుడైతే బంద్ చెయ్య" అంటూ ఆటో తిప్పింది.

మా ఇంట్లో పనిముట్లకు దసరా రోజు మాత్రమే మొక్కుతాం. ఈవిడ లేపేసిన ప్రతిసారీ కొత్తగా మొక్కుతోంది. సీతాఫల్‌మండి మలుపులో ఆవిడ మూడోసారి చేతులు జోడిస్తే, పక్కనే నేనూ జోడించాను.