నీలం తిరిగిన బాణపు మొన

బాణానికి మొన ఎంచడం మా నాన్న నేర్పిన విద్య. గట్టిగా ఉంటే చాలదు, మరీ గట్టిదైతే ఎముక తగలగానే పుటుక్కున విరుగుతుంది. మెత్తనిదైతే వంగిపోతుంది. అంచును గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. ఇంత తెలిసిన నేను ఖతార్‌లో, ప్రపంచకప్పు కోసం లేస్తున్న స్టేడియంలో ఇనుప కడ్డీలు కట్టుకుంటూ నాలుగేళ్లు గడిపాను.

మా ఊళ్లో మక్కచేల మీద పడే అడవిపందుల్ని ఏటా ఒకరోజు అందరూ కలిసి విల్లంబులతో వేటాడతారు. ఎవరి మొన ముందు తగిలితే, మాంసం పంచేటప్పుడు మొదట వాళ్ల పేరు పిలుస్తారు. మనిషి రాకపోయినా సరే, మొన వస్తే చాలు. నాలుగేళ్లుగా అక్కడ నా పేరు ఎవరూ పిలవలేదు. క్యాంప్‌లోనూ అంతే. గదిలో ఆరుగురం, మిగతా ఎవరికీ తెలుగు రాదు, నేను అందరికీ ఉత్త భాయ్‌ని. ఒంటరితనం పీక్కుతినేది. ఆ ఏడు ఎలాగైనా నా పేరు పిలిపించుకోవాలనుకున్నాను.

రెండు వారాలు అన్నం వేళ తుక్కు కుప్ప వెతికాను. కడ్డీ ముక్క మెత్తన. రంపపు బ్లేడు పెళుసు. తళతళలాడే స్టీలు రేకు చూడ్డానికే తప్ప ఎందుకూ పనికిరాదు. చివరికి పాత ట్రెయిలర్ కమాను పట్టీ ముక్క దొరికింది. వేలితో కొడితే ఖంగుమంది. ఫోర్‌మన్‌ని అడిగితే తీసుకోమన్నాడు.

డ్యూటీ అయ్యాక గ్రైండర్ మీద పట్టాను. మాటిమాటికీ నీళ్లలో ముంచాలి, తొందర పనికిరాదు. బస్సు కదులుతోందని ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఒకటే గోల. ఒక్కసారి ముంచలేదు. అంచు నీలం తిరిగింది. నీలం తిరిగితే ఇనుము చచ్చినట్టేనని నాన్న వందసార్లు చెప్పాడు. ఇంకో ముక్క వెతుక్కోవాల్సింది. వెధవ బుద్ధి, గరుకు కాగితంతో ఆ నీలాన్ని గీకేశాను. నజ్మా పేటలో ఉండే మా ఊరతను ఇంటికి పోతుంటే అతని పెట్టెలో పెట్టి అన్నకు పంపాను.

వేట మర్నాడు అన్న ఫోన్ చేశాడు.

"పంది వడ్డదా అన్నా?" అన్నాను.

"లేదు తమ్మీ. నీ మొననే ముందుగాల తాకింది. బొక్కకు తాకంగనే వంగింది. పంది దెబ్బతోని గుట్టలల్లకు ఉరికింది. పొద్దుగూకేదాక దేవులాడినం, దొర్కలే."

"ఊరోళ్లు ఏమన్నరు?"

"ఏమంటరు, తిట్టిన్రు. గిసుంటి మొన ఎవడు చేసిండని అడిగిన్రు."

నీలం సంగతి చెప్పబోయాను. అన్న చెప్పనివ్వలేదు.

"నువ్వేం రంది వెట్టుకోకు. నీ పేరు ఎత్తలే. నేనే చేసిన్నని చెప్పిన."

అన్న నా పరువు కాపాడాడు. నాకు మాత్రం, తిట్టడానికైనా సరే, అక్కడ ఒక్కసారి నా పేరు పిలిచి ఉంటే బాగుండేదనిపించింది.

"సరే అన్నా, డ్యూటీకి పోవాలె" అని ఫోన్ పెట్టేశాను.