మోకాలి కింద నల్లదారం

ఆసుపత్రిలో నా కాలికి కట్లు కట్టిన సిస్టరమ్మ పోయిందని మొన్న పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే మిషన్ ముందున్నాను. మిషన్ ఆపేశాను. ఈ రోజు రెండు కాళ్ల మీద నిలబడి పని చేసుకుంటున్నానంటే ఆమె పుణ్యమే. ఆ సంగతి మీతో చెప్పుకోవాలి.

మూడేళ్ల కిందట బండ జారి నా ఎడమ మడమ మీద పడింది. తోలు, కండ పోయి ఎముక బయటపడింది. అనంతపురం ఆసుపత్రిలో పిక్క పక్క తోలును, దానికి రక్తమిచ్చే నాళం తెగకుండా తిప్పి, మడమ మీద కప్పి కుట్టారు. అది బతక్కపోతే కాలు తీసేయాల్సి వస్తుందని ముందే చెప్పారు.

సిస్టరమ్మ మాట కరుకు. కాలు ముట్టుకునే ముందు మాత్రం రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చ చేసుకునేది. "సల్లని చెయ్యి తగిల్తే రక్తం ముడుచుకుంటాదప్పా" అనేది. ఎలా ఉన్నావని నన్నెప్పుడూ అడగలేదు. "కాలు ఏమంటాండాది?" అనేది.

ఆపరేషనయిన మూడో రోజు, కప్పిన తోలును వేలితో నొక్కి వదిలింది. నొక్కిన చోట నీలం రంగు గబుక్కున నిండింది. ఆమె ముఖం మారిపోయింది. దుప్పటి పైకి లాగి చూస్తే మోకాలి కింద నల్లదారం. దిష్టి తగలకూడదని ఆపరేషనయ్యాక మా అమ్మ మా గొర్రెల ఉన్నితో పేని కట్టింది. కాలు వాచి దారం కండలోకి దిగిపోయింది. పైకెక్కాల్సిన రక్తం కిందే నిలిచిపోయింది.

సిస్టరమ్మ దారం కత్తిరించింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనే సంపుకుంటినా తల్లీ నా బిడ్డ కాలు?"

"బాగుండాలనే కట్టినావు కదమ్మా. ఏడవద్దు. దారం మంచానికి కడదాం. కాలికి మాత్రం వద్దు." అలాగే మంచం కోడుకు ముడివేసి, డాక్టరుకు ఉన్నదున్నట్టు తనే చెప్పింది.

తర్వాత నా రక్తమే తీసి, మిషన్లో తిప్పి, గాయం మాన్పే సారం వేరుచేసి తోలు అంచుల్లో సూదులతో ఎక్కించారు. రోజూ మనిషి పట్టేంత గాజు గొట్టంలో పడుకోబెట్టి ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చారు. తలుపు మూసేసరికి నాకు ప్రాణం పోయినట్టుండేది. డ్యూటీ అయిపోయినా ఆమె అద్దం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది.

"బతుకుతాదా సిస్టరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"బతుకుతాదని నేను చెప్పను. రేపు పొద్దున మళ్లా చూస్తా."

అబద్ధం చెప్పని మనిషి కాబట్టే, వారం తర్వాత "పట్టుకుందప్పా" అన్నప్పుడు నేనూ అమ్మా ఆపుకోలేక ఏడ్చాం. అంచున వేలెడంత నల్లబడి రాలిపోయింది. మిగతాదంతా బతికింది.

కదిరి దగ్గర వాళ్ల ఊరికి చావుకు వెళ్లాను. "నువ్వూ ఒక భుజం పట్టన్నా" అన్నాడు ఆమె తమ్ముడు. చెప్పులు విడిచి పాడె ఎత్తుకున్నాను. మధ్యాహ్నపు ఎండకు తారు రోడ్డు కాలుతోంది. కుడి కాలు బొబ్బలెక్కింది. అతికించిన తోలుకు స్పర్శ రాలేదు కదా, ఎడమ మడమకు ఆ మంట తెలియలేదు. ఆమె బరువంతా ఆ మడమ మీదే మోపుకుంటూ చివరిదాకా నడిచాను.