తాతబ్బాయి ఎంచిన చెయ్యి

ప్రోతరాపూర్ తాతబ్బాయికి ఒక పాడు అలవాటుంది. మనిషి ఎదురైతే మొహం చూడడు, ముందు భుజం చూస్తాడు. పెళ్ళి భోజనానికి పిలిచి చూడండి. వడ్డించే కుర్రాడు గరిటె ఎలా తిప్పుతున్నాడా అని చూస్తూ విస్తట్లో పప్పు చల్లారబెట్టుకుంటాడు. ఏం చేస్తాం? ముప్ఫై నాలుగేళ్ళు ఫెర్రీ బోట్ల మీద తాడు విసిరిన మనిషి. బోటు జెట్టీకి దగ్గరవుతుంటే, చివర బరువు కట్టిన సన్నతాడును గట్టు మీదవాళ్ళ చేతికి అందేలా విసరడమే అతని ఉద్యోగం. తాడు తప్పిందా, బోటు పక్కకు కొట్టుకుపోతుంది, కెప్టెన్ అమ్మానాన్నలను కలిపి తిడతాడు. తాతబ్బాయి తాడు తప్పడం చూశామని చెప్పేవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళూ అబద్ధాలే చెబుతున్నారని అతని వాదన.

ఆ ఉద్యోగంలో ఉండగానే బేస్‌బాల్ పిచ్చి అంటుకుంది. ఆడపిల్లలకు ఆ ఆట నేర్పడానికి మెయిన్‌లాండ్ నుంచి సరోజిని అనే టీచరమ్మ వచ్చింది. దూరంగా పోయిన బంతులు తిరిగి విసిరే మనిషి కావాలంటే సెలవు రోజున సరదాగా వెళ్ళాడు. ఆ ఆటలో బంతి విసిరేవాళ్ళదే రాజ్యమని, బ్యాటు పట్టినవాళ్ళు మూడుసార్లు గురి తప్పితే ఇంటిదారి పట్టాల్సిందేనని తెలిసింది. అంతే, ఆ మర్నాటి నుంచి క్రికెట్ మొహం చూడలేదు. రిటైరయ్యాక ప్రోతరాపూర్ వెనక ఖాళీ జాగాలో గడ్డి కోసి, రాళ్ళేరి, ఆడవాళ్ళ టీమొకటి లేవదీశాడు. నర్సు లహరి కెప్టెన్. బడిలో డ్రిల్లు మాస్టరు గోపినాథ్ సెక్రటరీ. ఎవరు ఎన్ని పరుగులు తీశారు, ఎన్ని బంతులు వదిలేశారు అన్నీ ఫోనులో ఎక్కించుకుని తిరుగుతాడతను. ఆటగత్తెలను ఎంచే పని మాత్రం తాతబ్బాయిది. బతుకంతా ఒకరు చెప్పిన చోట నిలబడి తాడు విసిరిన మనిషికి, "నువ్వే చెప్పు మామా" అని పదిమంది అడగడం ఈ ఆరేళ్ళలోనే జరిగింది. అందుకే ఆ టీమంటే అంత ప్రాణం.

నాలుగు టీముల చిన్న లీగ్ అది. ఏటా కొత్త ఆటగత్తెల పేర్లు బోర్డు మీద రాస్తారు, టీములు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అడుగున నిలిచిన టీముకు మొదటి వంతు. దానికి తోడు ఒక దుర్మార్గపు నిబంధన కూడా ఉంది: రెండేళ్ళు వరుసగా ఒక్క ఆటైనా గెలవని టీమును ఎత్తేసి, అందులోవాళ్ళను మిగతా టీములకు పంచేస్తారు. కిందటేడు ప్రోతరాపూర్ మూడు ఆటలాడి మూడూ ఓడింది. అంటే ఈసారి ఒక్కటైనా గెలవాలి. లేకపోతే తాతబ్బాయి ఆరేళ్ళ కష్టం గంగపాలే.

"ఆలోచించడానికేం లేదు మామా," అన్నాడు గోపినాథ్. "మొదటి వంతు మనది. గౌతమి పేరు చెప్పు, కూర్చో. ఆ అమ్మాయి కొడితే బంతి కొబ్బరిచెట్ల అవతల పడుతుంది."

గౌతమి కొట్టుడు తాతబ్బాయి కూడా చూశాడు. కాదనలేదు. అయితే వారం ముందు అతను చేపలకని జంగ్లీఘాట్ రేవుకు వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరికే రాడు కదా!

ఆ పొద్దున కెరటాలు జోరుగా ఉన్నాయి. జాలరి మల్లేశు చిన్న పడవ, అతని డోంగీ, వస్తోంది. గట్టుకూ దానికీ మధ్య అప్పటికే రెండు డోంగీలు అడ్డం. ముందు కొస మీద నిలబడ్డ పంతొమ్మిదేళ్ళ పిల్ల, మల్లేశు కూతురు బేబీరాణి, ఆ రెండింటి మీదుగా తాడు విసిరింది. వెళ్ళి గుంజకు చక్కగా పడింది. తాతబ్బాయి చేతిలో సంచి జారిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల వంజరాలు ఒక్కొక్కటే తోక పట్టుకుని గట్టు మీది క్రేటులోకి విసరడం మొదలెట్టింది. డోంగీ ఊయలలా ఊగుతున్నా ఒక్క చేప బయట పడితే ఒట్టు! తాతబ్బాయి ఆగగలడా? సంచిలో ఎప్పుడూ ఉండే బంతి తీసి ఆ పిల్లకు విసిరాడు.

"అమ్మీ, ఆ నీలం డ్రమ్ము ఉంది సూడు. కొట్టగలవా?"

"ఏటి తాతా, పొద్దున్నే పరాచికాలా?" అంటూనే కొట్టింది. ఠంగుమంది. ఇంకోసారి, మరోసారి కొట్టించాడు. ఠంగు, ఠంగు! చేపల బేరం మరిచి ఖాళీ సంచితో ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం చారుతోనే సరిపెట్టుకోవలసి వచ్చినా నోరెత్తలేదు. అంత సంబరం!

ఎంపిక రోజు డాలీగంజ్ హాల్లో నాలుగు టీముల పెద్దలూ కూర్చున్నారు. "ప్రోతరాపూర్, మొదటి పేరు," అనగానే తాతబ్బాయి లేచి, "బేబీరాణి," అన్నాడు. డాలీగంజ్ టీము పెద్ద తిరుమలరావు వంతు రాకముందే నవ్వేస్తూ లేచి, "గౌతమి, గౌతమి! థాంక్యూ తాతబ్బాయి భయ్యా!" అన్నాడు. గోపినాథ్ మొహం మాడిన అప్పడంలా అయింది.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నాడు బయటికొచ్చాక. "ఆ పిల్ల బ్యాటు పట్టిందా ఎప్పుడైనా?"

"చెయ్యి సూసినాను రా. నన్ను నమ్ము."

నమ్మారు. మొదటి ఆటలో బేబీరాణిని మూడో బేసు దగ్గర నిలబెట్టారు. బంతి నేల మీద ఆమె వైపు దొర్లుకుంటూ రాగానే పులిలా అందుకుంది. భళా! కొట్టిన అమ్మాయి పరిగెత్తి చేరాల్సిన మొదటి బేసుకు ఇంకా సగం దారిలోనే ఉంది. ఆమె చేరేలోగా బంతి అక్కడికి విసిరితే చాలు, ఆమె ఔట్. బేబీరాణి చెయ్యి వెనక్కి తీసింది. తీసి, ఆగింది. ఒక్క క్షణం. ఆ తర్వాత విసిరిన బంతి సూటిగా వెళ్ళింది గానీ, పరిగెత్తే పిల్ల అప్పటికే బేసు మీద నిలబడి జడ సర్దుకుంటోంది.

ఒకసారి కాదు, నాలుగుసార్లు! "బేగి ఇసురే!" అని మల్లేశు మైదానం గట్టు మీంచి అరిచాడు. "క్యా సోచ్ రహీ హై దీదీ?" అని, ఏమిటంత ఆలోచనని జనం హిందీలో ఎగతాళి. ఆ ఆట పోయింది. రెండోదీ పోయింది. ప్రతిసారీ అదే తంతు, చెయ్యి వెనక్కి వెళ్ళి ఆగిపోవడం. ఇక మిగిలింది ఒక్కటే ఆట, అదీ గౌతమి ఉన్న డాలీగంజ్‌తో.

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావ్," అన్నాడు గోపినాథ్. "ఆఖరి ఆటకి ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

తాతబ్బాయికి తిండి సయించలేదు. ఆరేళ్ళ టీమును తన చేత్తోనే ముంచేశానా అన్న దిగులు పట్టుకుంది. పొద్దున్నే బస్సెక్కి జంగ్లీఘాట్‌కు పోయాడు. బేబీరాణి డోంగీలో కూర్చుని ఉంది. అతన్ని చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా వల్ల మీ టీము పోతాది తాతా. నాను రాను. ఇంకోర్ని సూసుకోండి."

"ముందు నన్ను ఎక్కనీ, తర్వాత ఏడుద్దువు గాని," అని డోంగీలోకి దిగాడు. మల్లేశు దాన్ని రేవు అవతలి గట్టుకు మళ్ళించాడు. గట్టు దగ్గర పడగానే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని తాడు తీసింది. చెయ్యి వెనక్కి వెళ్ళింది, ఆగింది. అడుగున కెరటం వచ్చింది, డోంగీ ముక్కు పైకి లేచింది. సరిగ్గా అప్పుడు తాడు గాల్లోకి ఎగిరి గుంజకు పడింది.

తాతబ్బాయి ఎగిరి గంతేసినంత పని చేశాడు. డోంగీ కాస్తా ఒరిగిపోయింది.

"ఓసి నా తల్లీ! ఎందుకాగినావే?"

"నాను ఆగినానా?" అంది ఆ పిల్ల తెల్లబోయి.

పసితనం నుంచి ఊగే డోంగీలో నిలబడి విసిరిన చెయ్యి అది. పడవ కిందికి దిగేటప్పుడు విసిరితే తాడు నీళ్ళపాలు. అందుకే పైకి లేచేదాకా కాచుకోవడం ఆ చేతికి అలవాటై, నేల మీద కూడా రాని కెరటం కోసం ఎదురుచూస్తోంది! మరి ముప్ఫై నాలుగేళ్ళ అనుభవశాలి ఆ సంగతి ముందే ఎందుకు పట్టుకోలేదంటారా? డ్రమ్ముకు బంతి కొట్టించాడే, ఆ మూడుసార్లూ పిల్ల డోంగీలోనే నిలబడి ఉంది. నీటి మీద ఆ ఆగడం అతని కంటికి ఆగడంలాగే కనిపించలేదు. గట్టు మీదికి రమ్మని ఒక్క బంతి విసిరించాలన్న బుద్ధి పుట్టలేదు మహానుభావుడికి! నెత్తి మీద తనే రెండు మొట్టికాయలు వేసుకుని పకపకా నవ్వాడు.

గోపినాథ్‌కు చెబితే అతను నవ్వలేదు. "బాగుంది. రెండు రోజుల్లో ఆ అలవాటు మాన్పిస్తావా?"

"మాన్పించడమేటి? బంతి ఇసిరే చోటే నిలబెడతాను. అక్కడ చేతులు కలిపి ఆగాలనే కదా రూలు. ఎంతసేపు ఆగాలో మన లీగులో ఎవడూ చెప్పలేదు కదా! బ్యాటు పట్టినోళ్ళు ఎదురుసూసి ఎదురుసూసి చావాలి."

గోపినాథ్ ఫోను తీసి రూలు చదివాడు. మళ్ళీ చదివాడు. "మామా," అన్నాడు మెల్లగా, "నిజమే."

రెండు రోజులు లహరి ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి బేబీరాణి బంతులు పట్టింది. "అరచెయ్యి వాచిపోయింది మామయ్యా," అంటూనే ఇంకోటి వెయ్యమంది. పాఠం ఒక్కటే చెప్పాడు తాతబ్బాయి: "ఎంత ఆగితే అంత మంచిది. పడవ లెగిసేదాకా ఇసరకు."

ఆఖరి ఆటకు జంగ్లీఘాట్ సగం ప్రోతరాపూర్‌లోనే ఉంది. అబ్బ, ఏం ఆట అది! బేబీరాణి చేతులు కలిపి ఆగుతుంది. డాలీగంజ్ పిల్ల బ్యాటు ఊపి ఊపి భుజం దించేసరికి బంతి వచ్చి లహరి చేతిలో పడుతుంది. గౌతమి అంతటిది కూడా మొదటిసారి మూడు బంతులూ గాలినే కొట్టింది. మొన్న ఎగతాళి చేసిన నోళ్ళే ఇప్పుడు "రుక్ జా రాణీ, రుక్ జా!" అని, ఆగమని ఈలలు వేశాయి. తాతబ్బాయి కూర్చోడు, నిలబడడు, గోపినాథ్ చొక్కా పట్టుకుని గుంజుతూనే ఉన్నాడు.

అయితే గౌతమి కూడా తెలివైన పిల్లే. రెండోసారి వచ్చినప్పుడు తొందరపడలేదు, బ్యాటు కదపకుండా కాచుకుని కొట్టింది. బంతి ఎక్కడో పడింది, డాలీగంజ్‌కు రెండు పరుగులొచ్చాయి. తాతబ్బాయి తల పట్టుకున్నాడు. రహస్యం కనిపెట్టేసింది!

డాలీగంజ్ బ్యాటు పట్టే ఆఖరి వంతు. ప్రోతరాపూర్‌కు మూడు పరుగులు, డాలీగంజ్‌కు రెండు. డాలీగంజ్ అమ్మాయి ఒకతి మూడో బేసు మీద కాచుకుని ఉంది. ఇంకొక్కరు ఔటైతే ఆట ముగుస్తుంది. బ్యాటు పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? గౌతమే. ఆమె మళ్ళీ అలా కొట్టిందంటే టీము లేదు, ఆరేళ్ళు లేవు, "నువ్వే చెప్పు మామా" అనేవాళ్ళూ లేరు.

మొదటి బంతికి బేబీరాణి చాలాసేపు ఆగింది. గౌతమి అంతకన్నా నిబ్బరంగా ఆగి బలంగా కొట్టింది. గీతకు బెత్తెడు అవతల పడింది, కాబట్టి తప్పిన లెక్కే. రెండోదీ అంతే, ఈసారి ఇంకాస్త దగ్గరగా.

"ఆగమ్మీ, ఇంకా ఆగు, ఇంకా," అని గొణుగుతున్నాడు తాతబ్బాయి, కళ్ళు సగం మూసుకుని.

బేబీరాణి చేతులు కలిపింది. రూలు కోసం రెప్పపాటు ఆగి, వెంటనే విసిరేసింది!

"చచ్చానురా," అన్నాడు తాతబ్బాయి. ఫట్ మని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే బంతి లహరి చేతిలో ఉంది, గౌతమి బ్యాటు ఇంకా భుజం మీదే ఉంది. ఊపకపోయినా, సూటిగా వచ్చిన బంతిని వదిలేస్తే తప్పిన లెక్కే, అదీ మూడోది. ఔటని అంపైరు చెయ్యి పైకి లేచింది.

అరుపులు, ఈలలు, గంతులు! గోపినాథ్ ఫోనెక్కడో పారేసుకుని ఎవరు దొరికితే వాళ్ళను కౌగలించుకుంటున్నాడు. తాతబ్బాయి జనాన్ని తోసుకుంటూ బేబీరాణి దగ్గరికి పోయాడు.

"ఆగమన్నాను కదే! ఎందుకాగలేదు?"

ఆ పిల్ల చెమట తుడుచుకుంటూ నవ్వింది. "ఈసారి ఆయమ్మి ఆగినాది కద తాతా. ఇద్దరమూ ఆగిపోతే ఇసిరేదెవరు?"

ఈ మాట తాతబ్బాయి చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. గోపినాథ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "మామా, ఎలా పట్టుకున్నావ్ ఈ పిల్లని?" అని అడిగాడు.

"నాను పట్టుకున్నది చెయ్యొక్కటే రా," అన్నాడు తాతబ్బాయి. "బుర్ర ఉన్న సంగతి ఇప్పుడే తెలిసినాది."

అని అక్కడే గడ్డిలో కూలబడి, నలుగురూ చూస్తున్నా సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.