మసి అంటని ఇంజను

ఆ రోజుల్లో మా రాజోలు వాళ్లకి రైలంటే గోదావరి అవతల సంగతి. సఖినేటిపల్లి రేవుకెళ్లి, పంటు ఎక్కి, నర్సాపురంలో దిగితేగానీ కూత వినపడేది కాదు. అలాంటి చోట కూర్చుని బొమ్మ రైళ్లకి మసీ తుప్పూ పట్టించే విద్య నేర్చుకుందామనుకున్న ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. డ్రాయింగు పరీక్ష ప్యాసయ్యాను, ఉద్యోగం మాత్రం రాలేదు. చేతినిండా తీరికే.

దీనికంతటికీ మూలం మా పెదనాన్నగారు. రైల్వేలో ఫైర్‌మేన్‌గా ఉద్యోగమున్నన్నాళ్లూ బొగ్గు ఎగదోసి, రిటైరై మా పక్కింట్లోనే స్థిరపడ్డారు. చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది, ఇక మందుల్లేవని కాకినాడ డాక్టరుగారు చెప్పేశారు. పూర్తిగా పోయేలోగా తన ఇంజన్ని ఒక్కసారి చూసుకోవాలని ఆయన కోరిక. అసలుది ఎప్పుడో మూలపడిపోయింది గనక, నేను రాజమండ్రి వెళ్లి ఓ ఖరీదైన బొమ్మ ఇంజను తెచ్చాను. ఆయన దాన్ని కళ్లకి ఆనించుకుని చూసి, "ఇది పెళ్లికొడుకులా ఉందిరా. నాదానికి ఒళ్లంతా మసీ, నూనే, తుప్పూను" అన్నారు. అచ్చం అలాగే చేసిస్తానని మాటిచ్చేశాను. తీరా కుంచె పట్టుకుని, మళ్లీ కింద పెట్టేశాను. అంత డబ్బు పోసి కొన్నదాన్ని పాడుచేస్తే? ముందు చవక బొమ్మ బళ్ల మీద చెయ్యి తిరగాలనుకున్నాను.

ఇక చవక బళ్ల వేట మొదలైంది. అంతర్వేది తీర్థం ఆఖరి రోజున, కొట్లు కట్టేసే వేళకి వెళ్లి, సొట్టలు పడినవీ కీ పోయినవీ ఏరుకునేవాణ్ణి. కీ లేని రైలు ఏం చేసుకుంటారండీ అని కొట్టాయన అడిగితే, రంగులేసి పాతదానిలా చేస్తానండి అన్నాను. ఆయన రైలునీ నన్నూ మార్చి మార్చి చూసి, "పాతదేనండి ఇది" అన్నాడు. పాతసామాన్లవాడు నన్ను చూస్తే చాలు సైకిలు దిగేవాడు. మా అక్క పిల్లలైతే నేను గుమ్మంలో అడుగుపెట్టగానే వాళ్ల రైళ్లు మంచం కిందకి తోసేసేవారు.

మొదటిదానికి కిరసనాయిలు బుడ్డి మసిని కొబ్బరినూనెలో కలిపి పూశాను. (కొబ్బరినూనెకి కొదవలేని సీమ కదా, అది ఆరదన్న జ్ఞానం మాత్రం కొదవ.) ఎన్నాళ్లు ఎండలో పెట్టినా జిడ్డు జిడ్డుగానే ఉంది. పెదనాన్నగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేసరికి తెల్లపంచె కాస్తా నల్లపంచె అయింది. పెద్దమ్మ కేకలేస్తోంటే, ఆయన వేళ్లు వాసన చూసుకుని, "బానే ఉందిరా. ఇది నాకిచ్చెయ్" అన్నారు. అబ్బే, ఇది ఉత్త ప్రాక్టీసండీ, అసలుది ముందుంది అంటూ దాదాపు లాక్కున్నాను.

అరుగు మీద ఆరబెట్టిన ఆ బండి, క్రిస్మస్ ముందు ఇల్లంతా సున్నాలేయించి ఇత్తడి సామాను తోమిస్తున్న పెద్దమ్మ కంటపడింది. చింతపండూ బూడిదా పెట్టి బిందెలతో పాటు దాన్నీ స్వయంగా తోమేసింది. మరీ మాసిపోయిందిరా పాపం అంది. నేను నెత్తి కొట్టుకుంటోంటే పెదనాన్నగారు దగ్గొచ్చేదాకా నవ్వేరు.

అప్పట్నుంచీ ఎనామిల్ రంగుల్లోకి దిగాను. ఒక బండి బాగా కుదిరితే, ఇంకొకటి ఇంతకంటే బాగా వస్తుందేమో అనిపించేది. అలా చూస్తూ చూస్తూ మరో క్రిస్మస్ కూడా వెళ్లిపోయింది. చివరికి రాజమండ్రి ఇంజను మీద చెయ్యి వేశాను. తుప్పుకి తుప్పు, మసికి మసి, చక్రాల దగ్గర నూనె మరకలతో సహా అద్భుతంగా కుదిరింది. మా అక్కయితే ఈ తుక్కు ఎక్కడిదిరా అంది. అంతకంటే మెప్పు ఏం కావాలి?

కానీ అప్పటికి పెదనాన్నగారి చూపు పూర్తిగా పోయింది. అయినా తీసుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టాను. పొగగొట్టం నుంచి చక్రాల దాకా మెల్లిగా తడిమేరు. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆరిపోయిన రంగు కదా, మసీ లేదు, జిడ్డూ లేదు.

"దీన్ని కూడా మీ పెద్దమ్మ తోమేసిందేంట్రా?" అన్నారు.

ఆయన హాస్యానికే అన్నారో, నిజంగానే అడిగేరో ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం ఆయ్, తోమేసిందండి అన్నాను. ఇంత కొబ్బరినూనె, చారెడు మసి తెచ్చి అక్కడికక్కడే పూసి ఇవ్వాలన్న తెలివి, ఆయన పోయిన చాన్నాళ్లకి గాని నాకు రాలేదు. ఆ ఇంజను ఇప్పుడు మా బీరువా మీద ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా వేళ్లు చూసుకుంటాను. శుభ్రంగానే ఉంటాయి. ఎంత బాగా చేశానో వెధవని, అనుకుని నవ్వుకుంటాను.