పట్టాల మధ్య ఖాళీ

“సున్నా వేసినందుకు కాదు తమ్ముడూ. సున్నాలు ముప్ఫయ్యేళ్ల నుంచీ వేస్తున్నాను, ఎవరికీ ఏటీ అవలేదు. ఆ గుంట పిల్లకి తరవాత పదికి పది వేశాను చూడు, అదే నన్ను కొరుకుతోంది.”

ఈ మాట అంటూనే జ్ఞానప్రసూనక్క బీరువా పై అరలోంచి పాత పరీక్ష కాగితం ఒకటి తీసింది. బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల పక్కనున్న చిన్న బడిలో ఆమె సైన్సు టీచరు. వాళ్ల నాన్నగారు పలాస నుంచి రైల్వే గుమస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈమె ఇక్కడే పుట్టింది, పెళ్లయ్యాక కూడా రెండు వీధులు దాటి పోలేదు. ఆదివారాలు నేను వెళ్తే మరమరాల్లో ఉల్లిపాయలూ ఆవనూనే కలిపి పెడుతుంది. ఆవనూనె వాసన నాకు పడదంటే, “నలభై ఏళ్లు తిను, పడుతుంది” అంటుంది.

ఆమె బడిలో పాఠం ఇంగ్లీషులో, అల్లరి బెంగాలీలో. మోకాలు చీరుకుపోతే ఏడుపు మాత్రం ఎవరి ఇంటి భాషలో వాళ్లది. మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో రాణి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాన్న కోదండం ట్రాక్‌మన్. రోజూ పట్టాల వెంట నడిచి వాటిని చూసుకోవడం అతని పని.

“వేడి గురించి పాఠం చెప్తున్నాను. వేడికి ఇనుము పెరుగుతుంది, అందుకే రైలు పట్టాల మధ్య ఖాళీ వదులుతారు అన్నాను. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. వెనక బెంచీలోంచి ఇది లేచి, ‘ఖాళీ ఉండదు మిస్, మా నాన్నోళ్లు అతికేస్తారు’ అంది.”

“నువ్వేటన్నావు?”

“ఏటంటాను? పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి, రెండు పాఠాలు మిగిలిపోయాయి. ‘పుస్తకం రాసినోళ్ల కంటే మీ నాన్నకి ఎక్కువ తెలుసేటే? కూర్చో’ అనీసేను. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేను.”

అర్ధసంవత్సర పరీక్షలో పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారన్న ప్రశ్నే వచ్చింది. రాణి ‘ఖాళీ వదలరు’ అని రాసి, కింద రెండు పట్టాలు అతికినట్టు బొమ్మ కూడా వేసింది. అక్క సున్నా వేసింది. మార్చిలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అప్పటి కాగితమే ఇప్పుడు నా చేతిలో ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పుస్తకంలోని వాక్యం కామాతో సహా దిగింది. పక్కన ఎర్ర సిరాతో పది, దాని కింద ‘వెరీ గుడ్’.

“మధ్యలో ఆరు నెలలు ఆ పిల్ల నోరు విప్పలేదు తమ్ముడూ. నాకేమో క్లాసు కుదురుకుందనిపించింది. చూడు నా తెలివి!”

ఏప్రిల్లో కోదండానికి టికియాపారా స్టేషనుకి బదిలీ అయింది. కూతురి టీసీ కోసం బడికొచ్చాడు. నారింజ రంగు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. అక్క కాగితాలు రాస్తూ మాటవరసకి అడిగింది, పట్టాల మధ్య ఖాళీలు నువ్వే చూస్తుంటావా కోదండం అని.

అతను నవ్వాడట. “ఖాళీలేటమ్మా? యార్డులో పాత లైన్లకి ఉంటాయి. మెయిన్ లైనంతా వెల్డింగు అతుకే కదా. మా రాణిని అడిగితే చెప్పీసును. సెలవు రోజుల్లో గట్టు మీద కూర్చుని మా పని చూసేది.”

“పుస్తకమూ అబద్ధం చెప్పలేదు, పిల్లా అబద్ధం చెప్పలేదు. మధ్యన నేనే ఒకదాని నోరు మూసీసేను” అంది అక్క. “రాణిని పిలిచాను. ‘మరి రెండోసారి అలా ఎందుకు రాశావే?’ అన్నాను. తల కూడా ఎత్తలేదు. ‘మీకదే కావాలి కదా మిస్’ అంది. టీసీ పట్టుకుని వెళ్లిపోయింది.”

ఆ తరవాత జూన్ నుంచి ఆమె క్లాసులో ఒక పద్ధతి వచ్చింది. కొత్త పాఠం మొదలెట్టిన రోజు పుస్తకాలన్నీ సంచుల్లోనే ఉండాలి. ఆ పాఠం సంగతుల గురించి ఇంట్లో, వీధిలో, స్టేషన్లో ఎవరేం చూశారో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాసి పక్కన వాళ్ల పేరు రాస్తుంది. తప్పో ఒప్పో ఆమె చెప్పదు. చెరిపే హక్కు ఆ మాట అన్నవాళ్లకే. మిగతా పిల్లలు ప్రశ్నలు వేసి వేసి, చేసి చూసి, ఒప్పిస్తే వాళ్లే లేచి వచ్చి చెరుపుకుంటారు. ఒక పిల్లాడు ‘స్వెట్టర్లో వేడి పుడుతుంది’ అన్న మాటని పదకొండు రోజులు చెరుపుకోలేదట. ఐసు ముక్కని స్వెట్టర్లో చుట్టి, బయట పెట్టిన ముక్క కంటే అదే ఆలస్యంగా కరిగిందని కళ్లారా చూసుకున్నాక గానీ లేవలేదు. సిలబస్ వెనకబడుతుందని హెడ్మిస్ట్రెస్ గొణుగుతూనే ఉంటుంది.

“వెనకబడుతుందా మరి?” అన్నాను.

“పడుతుంది. శనివారాలు పరిగెడతాను.”

నెల కిందట మళ్లీ వేడి పాఠం వచ్చింది. ఈసారి అక్కే రాణి పేరు పెట్టి, ‘ఖాళీ ఉండదు’ అని బోర్డు మీద రాసింది. ఈ పిల్ల ఎవరు మిస్ అంటే, మీ అక్క లాంటిది, ఈ బెంచీలోనే కూర్చునేది అంది. చిన్ని అని ఒక వాగుడుకాయ ఉంది. అది లేచి, “ఉండకపోతే ఎండకి పెరిగిన పట్టా ఎక్కడికి పోతాది మిస్?” అని అడిగింది.

“‘నాకు తెలీదు’ అన్నాను. అంతలో వెనకనుంచి ఎవడో చప్పట్లు కొట్టేడు!” అని అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“ఫోనులో వెతికితే దొరికిపోతుంది కదక్కా?”

“వెతికేను. దొరికింది కూడా. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం పట్టా ఎక్కడ వంకర తిరుగుతుందోనని కోదండం పక్కనే నడుస్తాడు చూడు, అందులోనే ఉంది జవాబు. పిల్లలకి చెప్పలేదు. చెప్తే అది మళ్లీ నా పాఠమే అయిపోతాది.” మరమరాల గిన్నె నా వైపు జరిపింది. “మొన్న కోదండం కనిపించాడు. రాణి పది పాసయింది. సైన్సులో మార్కులు బానే వచ్చాయి, అయినా ఆర్ట్స్ తీసుకుంటానంటోందట. సైన్సు నాకు రాదు నాన్నా అందట. ఈ శుక్రవారం పదకొండో తరగతి ఫారం ఇచ్చీయాలి.”

అటువైపు రేకుల ఇళ్ల మీదుగా లోకల్ బండి చప్పుడు వినిపించి తగ్గిపోయింది. ఖాళీల దగ్గర టకటక కొట్టుకునే చప్పుడు ఉందా లేదా అని నేను మొదటిసారి చెవి పెట్టి విన్నాను. అక్క కనిపెట్టేసింది.

“ఆర్ట్స్ ఇష్టమైతే ఆర్ట్స్ చదువుకోనీ. నాకేం బెంగ లేదు. కానీ రాదని ఎందుకనుకోవాలది? రాదని చెప్పింది నేను కదా.”

మడిచిన రూళ్ల కాగితం ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. చిన్ని చేతిరాత. ‘రాణి అక్కా, పెరిగిన పట్టా ఎక్కడికి పోతాది? మా మిస్‌కి తెలీదు.’ కింద ముప్ఫై నలుగురి సంతకాలు.

“రోజూ టికియాపారాలోనే కదా దిగుతావు, కోదండం వాళ్ల క్వార్టరు స్టేషను వెనకే. దాని చేతికే ఇయ్యి. సైన్సు తీసుకోమని ఒక్క ముక్క అనకు. నా తరఫున సారీ కూడా చెప్పకు, అది నేనే వెళ్లి చెప్పుకోవాలి. అడుగు, అంతే. అది చెప్పడం మొదలెడితే మధ్యలో అడ్డు తగలకు తమ్ముడూ. ఏం చెప్తే అది, దాని మాటల్లోనే రాసుకురా.”