మునిగిన చేలో కోసిన విత్తనం

మాది తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టు. గింజ కొరికి రకం చెప్పేస్తానని నాకు కాస్త పొగరు. సెప్టెంబరు వరదకు ముదినేపల్లి దగ్గరి ఓ ఊళ్లో సత్యవతిగారి అరెకరం తప్ప పల్లపు చేలన్నీ కుళ్లిపోయాయని అక్కడి రైతొకాయన చెప్పారు. అవేం వడ్లో చూద్దామని నవంబరు చివర్లో బయల్దేరాను.

పొద్దున్నే రైల్లో ఏలూరు చేరి కైకలూరు బస్సెక్కాను. గంటన్నర పట్టింది. కొల్లేరు దాటేదాకా కిటికీ పక్క సీటు వదలకండి. కైకలూరు నుంచి ముదినేపల్లికి షేర్ ఆటోలుంటాయి. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఆటో మాట్లాడుకుంటే రెండొందలు.

"చేపల చెరువు కొంటానికాండీ?" అన్నాడు డ్రైవరు.

వరి చేను చూడ్డానికంటే నమ్మలేదు.

అరవై దాటిన సత్యవతిగారి చేనుకు మూడు వైపులా చెరువులే. దాన్నీ లీజుకిమ్మని ఏటా అడుగుతున్నారట. ఆ పల్లంలో మునిగినా బతికేవి వాళ్ల అత్తగారిచ్చిన, గింజ కొసన పొడుగు నూగుండే మీసాల వడ్లే. ఆ విత్తనం పోతే చేనూ చెరువైపోతుంది.

ఆవిడ విత్తనానికి కంకులు కోస్తుంటే నేనూ కొడవలి అందుకున్నాను. గట్టు పక్కన బాగా బలిసినవి కోసి గొప్పగా చూపించాను.

"అవి వండుకుంటానికండీ," అన్నారు మెత్తగా. "గట్టు పక్క నీళ్లు నిలవలేదు కదండీ, వాటి సత్తువ మనకేం తెలుస్తుంది? తొమ్మిది రోజులు మునిగింది ఆ నడిమధ్యండీ. విత్తనం అక్కడ కోస్తాం."

మోకాలిలోతు బురదలోకి దిగాను. అక్కడివన్నీ సన్నటి కంకులు. మా కొట్టుకు తెస్తే వెనక్కి పంపేదాన్ని. సిగ్గేసింది.

మధ్యాహ్నం ఎర్రన్నం, గోంగూర పచ్చడి తింటుండగా పక్క చేను వెంకన్న వచ్చాడు. ఈ విత్తనాన్ని 'ముసలాళ్ల వడ్లు' అంటూ ఇన్నాళ్లూ వెక్కిరించినవాడే. పంటంతా పోయి, చేను చెరువుకు ఇచ్చేద్దామనుకుంటున్నాడు.

"వదినగారూ, నాకూ కాసిని విత్తనాలిస్తారా?"

ఆవిడ నడిమధ్య కోసిన కంకుల్లో సగం అతని సంచిలో పెట్టారు. మీకు తక్కువ కావా అన్నాను.

"నా ఒక్కదాని దగ్గరే ఉంటే ఏదో ఒక ఏడాది పోతాయండీ. ఇద్దరి దగ్గరుంటే ఉంటాయి."

తిండి గింజను కాపాడేది మా గోదాములనుకునేదాన్ని. కాపాడుతున్నది ఈ అరెకరం. ఇలాంటివాళ్లు మా నేల మనుషులని ఆ రోజు ఎంతో గర్వపడ్డాను. వచ్చేటప్పుడు నేనూ గుప్పెడు విత్తనం అడిగాను. "మీకు పొలముందాండీ?" అన్నారు. లేదన్నాను. ఇవ్వలేదు.

మీరు వెళ్తే నవంబరు చివర్లో, ఇంకో జత బట్టలతో వెళ్లండి. పొలం లేకపోతే విత్తనం అడక్కండి. అన్నం అడగండి, కడుపునిండా పెడతారు.