ఓవర్సీరయ్య రెండు పడవలు

1946. యుద్ధం ముగిసి, కంటోన్మెంటులోని దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుంటా ఉన్న కాలం. చిక్కపేట వెనక సందులో నాది వడ్రంగం అంగడి. బీరువాలు, మంచాలు చేసుకునేవాణ్ణి. పడవల పని యుద్ధంలో మిలిటరీవాళ్ళ దగ్గర పట్టుబడింది. బెంగళూరులో పడవలేందని నవ్వేవాళ్ళు అప్పటి బెళ్ళందూరు చెరువును చూసుండరు. ఆ గట్టున నిలబడితే గాలికి పంచె నిలిచేది కాదు.

ఒక దినం, రిటైరైన ఓవర్సీరు నారాయణప్ప రమ్మని కబురు పెట్టినాడు. మా మాదిరే తరాల కిందట ఇక్కడికి వచ్చి పాతుకున్న తెలుగు కుటుంబం. చెరువు పక్కనే ఇల్లు. ఆయనకు చిన్న తెరచాప పడవ ఒకటి ఉండేది, పాతది, ఒక్కడే కూర్చొని పోయేది. ఇప్పుడు సీమకు పోతున్న ఒక దొర దగ్గర పెద్ద కొత్త పడవ కొన్నాడు. కొన్నాడనేకంటే, భార్య కామాక్షమ్మ పట్టుబట్టి కొనిపించింది. దాంట్లో నలుగురు పడతారు.

"ఏమప్పా ఆచారీ, రెండూ చూడు. చిన్నదే మేలని మా ఇంటామెకు నీ నోటితో చెప్పు," అన్నాడాయన.

ఆయన అటు పోంగానే ఆమె వచ్చింది. "పెద్దదే మేలని చెప్పప్పా, నీకు పుణ్యముంటాది."

మంచి ఇరకాటంలో పడినాను పో!

రెండింటినీ గట్టు మీదికి లాగించి, సుత్తితో తట్టి, ఉలిమొనతో గుచ్చి చూసినాను. చిన్నది పాత టేకు, ఖంగుమనింది. పెద్దది చూపులకు దొరబిడ్డే. ఎత్తయిన మాస్టు, అంటే తెరచాప నిలిపే కొయ్య, ఇత్తడి సామాను, కాని మన ఎండకు అతుకులు విచ్చుకొని ఉన్నాయి. ఇంకొక తేడా షీట్. షీట్ అంటే గుడ్డ అనుకునేరు, పడవ భాషలో అది తెరచాపను బిగించే తాడు. చిన్నదాంట్లో అది నేరుగా చేతికే వస్తాది, గాలి ఎంత లాగితే అంతా అరచేతికి తెలుస్తాది. పెద్దదాంట్లో నాలుగు గిలకలు చుట్టి వస్తాది. బరువు తగ్గుతాది, గాలి ఆచూకీ కూడా తగ్గుతాది.

పనితనం ఒక్కటే చూస్తే చిన్నదే గెలిచింది. అయినా నాకు మనసు నిలవలేదు. "నీళ్ళలో కూడా చూద్దామయ్యా," అన్నాను.

పెద్ద పడవ ఎక్కినాం. ఒక చేత చుక్కాని, ఒక చేత షీట్ పట్టుకొని ఆయన వెనక కూర్చున్నాడు. మాస్టు కొసన ఎర్ర పీలిక పటపటా కొట్టుకుంటా ఉండాది. గాలి ఎటో చూపించేదానికే దాన్ని కడతారు. ఆయన తలెత్తి చూడడే! "గాలి ఏ పక్కనుంచప్పా? ఏమీ తెలియడంలేదే," అని షీట్ లాగుతాడు, వదులుతాడు, మళ్ళీ లాగుతాడు. అంతలో ఎదురుగా ఒక పుట్టి, చేపలవాళ్ళ గుండ్రటి బుట్టపడవ. దాంట్లోవాడు కేకలు పెడతా ఉండాడు. ఈయన నేరుగా వాడి మీదికే పోతా ఉండాడు! నేను చుక్కాని గుంజి తిప్పేసరికి పుట్టి అంచు రాసుకొని పోయింది. చేపలవాడు కన్నడంలో మా ఏడు తరాలనూ ఏకి పెట్టినాడు.

చుక్కాని వదలకుండానే అడిగినాను. "అయ్యా, పుట్టి కనపడలేదా మీకు?"

ఆయన షీట్ వదిలేసినాడు. "నీడలు కనపడతాయి, అంతే. ఇంక బాగయ్యేది లేదన్నారు కంటి డాక్టర్లు. ఇంట్లో చెప్పొద్దప్పా. తెలిస్తే ఆమె నన్ను గడప దాటనీదు. ఈ నీళ్ళు కూడా లేకపోతే నేను బతికుండి ఏం చేయాల?"

చిన్న పడవ మీద పట్టుదల ఎందుకో అప్పుడు తెలిసింది. దాంట్లో ఆయన చేత్తో చూస్తాడు. కాని గాలి తెలిసినట్టు పుట్టి తెలుస్తాదా చేతికి? ఇన్నాళ్ళూ చేపలవాళ్ళే తప్పుకొని పోయినట్టున్నారు.

ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయనకు చెరువు పోతాది. చిన్నదే మేలంటే ఏదో ఒక దినం మనిషే పోతాడు. ఏం చెప్పాలో తేలకనే వాళ్ళింటికి పోయి కూర్చున్నాను. కామాక్షమ్మ కాఫీ తెచ్చింది. ఆయన కుర్చీకి కుడిపక్కనున్న ముక్కాలిపీట మీద లోటాను టక్కుమని చప్పుడయ్యేట్టు పెట్టింది. ఆయన చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. ఎడమపక్క చెప్పులు, కాలికి అందేట్టు పెట్టి ఉన్నాయి. నేను ఆమె ముఖం చూసినాను. పెరట్లోకి రమ్మని సైగ చేసింది.

"ఏడాదిగా ఏ వస్తువూ చోటు మార్చలేదు నేను," అనింది గొంతు తగ్గించి. "నాకు తెలుసని ఆయనకు చెప్పొద్దప్పా, సిగ్గుతో చితికిపోతాడు. పెద్దదైతే పక్కన ఎవరన్నా కూర్చుంటారని కొనిపించినా. ఎవరిని పిలిచినా వద్దంటాడు."

"మీరే కూర్చోండమ్మా."

"నేనా! బావిలోకి తొంగిచూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

గాలి ఆయన చేతికి తెలిసేట్టు పెద్దదాన్నే మారుద్దామని పనికి దిగినాను. పెద్దదాని అతుకుల్లో దూదీ గుగ్గిలమూ కూరి మూసినాను. గిలకలు మూడు పీకేసినాను. బరువు చేతికి ఆగేదానికి తెరచాపకు రీఫ్ కట్టినాను, అంటే కింది భాగం చుట్టేసి చిన్నది చేయడం. షీట్ ఆయన చేతికిచ్చినాను. లాగి చూసి, "ఆ, ఇప్పుడు గాలి పలుకుతా ఉండాది," అన్నాడు.

పడవ నీళ్ళలోకి తోసేటప్పటికి కామాక్షమ్మ కుచ్చెళ్ళు దోపుకొని, దేవుళ్ళందరినీ పిలుచుకుంటా వచ్చేసింది.

"నీకెందుకే? దిగు!" అన్నాడాయన.

"కొనిపించింది నేను. ఎక్కేది నేను," అని మాస్టును వాటేసుకొని, ఆయనకు ఎదురుగా కూర్చునింది. పడవకు ఎడమపక్క పోర్టు, కుడిపక్క స్టార్‌బోర్డు అని కదిలే ముందర గబగబా నేర్పించినాను. నీళ్ళు తగలంగానే అన్నీ మరిచిపోయింది.

సగం చెరువు దాటినామో లేదో, మళ్ళీ పుట్టి. "ఎడమకి!" అని అరిచింది. ఎదురుగా కూర్చున్నది గదా, ఆమె ఎడమ ఆయనకు కుడి. ఆయన తన ఎడమకే తిప్పినాడు. నేను చుక్కాని కోసం లేచినాను.

"అయ్యో, అటు కాదు! లోటా పక్కకి! లోటా పక్కకి తిప్పండి!"

పడవ గిరుక్కున కుడికి తిరిగింది. పుట్టి క్షేమంగా వెనకబడింది. ఆయన ఆమె గొంతు వినిపించిన పక్కకు ముఖం తిప్పినాడు.

"ఎప్పట్నుంచే?" అన్నాడు.

"చప్పుడయ్యేట్టు పెట్టినప్పట్నుంచి."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు, గట్టు పక్కకు తిరుక్కున్నాను. షీట్ మళ్ళీ బిగించి అడిగినాడు, "ఇప్పుడు ముందర ఏముండాది?"

"నీళ్ళే. పోనియ్యండి."

రెండింటిలో ఏది మేలని వాళ్ళు మళ్ళీ నన్ను అడగలేదు. ఇప్పటికీ ఎవరన్నా రెండు సామాన్లు ముందర పెట్టి ఏది మేలంటే, వాడేది ఎవరు, వాళ్ళ పక్కన ఎవరుంటారు అని ముందు అడుగుతాను. సుత్తి తీసి కొయ్యను తట్టేది ఆ తర్వాతే.